కరెంటు దొడ్డి

ఓదెలు గుండె కొట్టుకోవడం మానేసి ఏడాది కావస్తోంది. మనిషి మాత్రం నిక్షేపంగా ఉన్నాడు.

పెద్దాసుపత్రి డాక్టర్లు అలిసిపోయిన అతని గుండె పక్కన నిమ్మకాయంత మోటారు ఒకటి బిగించారు. అది గుండెలాగా తోసి ఆగి, తోసి ఆగి పనిచేసేది కాదు. కాలవ పారినట్టు నెత్తురును ఎడతెగకుండా పారిస్తూనే ఉంటుంది. అందువల్ల చెయ్యి పట్టుకుని చూస్తే నాడి తగలదు. ఈ సంగతి కనకవ్వకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె మొగుడి మణికట్టు పట్టుకుని చూసి, వాడకట్టంతా వినపడేలా ఏడుపు అందుకుంది. ఆ ఏడుపుకు మెలకువ వచ్చి ఓదెలు లేచి కూర్చున్నాడు.

“ఎవలు పోయిన్రే?”

“నువ్వే” అంది కనకవ్వ, కళ్ళు తుడుచుకోకుండానే.

“పోతే పోయిన గని, జర చాయ్ పెట్టు.”

మేనకోడలు నవనీత పడీపడీ నవ్వింది. అత్తను దగ్గరికి లాక్కుని ఆమె చెవిని మామ ఛాతీకి ఆనించింది. గోడ అవతల ఎక్కడో పిండిమర తిరుగుతున్నట్టు సన్నటి రొద.

“ఇది వినబడ్డన్ని రోజులు మామ ఉన్నట్టే అత్తా. నాడి సంగతి మర్చిపో.”

నవనీత ఓదెలు చెల్లెలి బిడ్డ. తల్లి చిన్నప్పుడే పోతే ఈ ఇంట్లోనే, ఈ గొర్రెల మధ్యే పెరిగింది. ఇప్పుడు నగరంలో ఒక ప్రయోగశాలలో పని. ఆ మోటారుకు కరెంటు ఎలా అందించాలన్నదే ఆమె పని. అంతకుముందు అలాంటి మోటార్లకు కడుపులోంచి ఒక తీగ బయటికి వచ్చేది. తీగ ఉన్న చోట తూటు, తూటు ఉన్న చోట చీము. మోటారు బాగానే తిరుగుతున్నా ఆ తూటు వల్ల ఎంతోమంది పోయారు. నవనీత వాళ్ళు ఆ తీగను తీసేశారు. ఓదెలు ఛాతీ చర్మం కింద రాగి చుట్ట ఒకటి, అతని నులకమంచం కింద మరో చుట్ట. అంతే.

అదెలా సాధ్యమో ఆమె మామకు ఫోనుతో చూపించింది. అరుగు మీద తెల్లటి పళ్ళెం లాంటిది పెట్టి, దాని మీద ఫోను ఉంచింది. ఫోను వెలిగింది.

“ఈ పళ్ళెంల తీగె చుట్ట ఉంటది మామా. ఫోను వీపుల ఇంకోటి. కింది చుట్టల కరెంటు అటూ ఇటూ ఊగుతాంటే మీది చుట్టల గూడ కరెంటు పుడ్తది. నడుమ తీగె అక్కెర లేదు.”

ఓదెలు వేలితో ఫోనును కొంచెం జరిపాడు. ఆరిపోయింది. వెనక్కి జరిపాడు. వెలిగింది.

“గొర్రెపిల్ల తీర్గనే” అన్నాడు. “పొదుగు కిందికి సక్కగ జొరవడితెనే పాలు. పక్కకు వడితే మూతి సప్పరిచ్చుడే.”

కొంతసేపయ్యాక ఫోను వీపు తాకి చూశాడు. “గిదేందే, దీనికి జెరమచ్చింది.”

“పోసిందంత లోపటికి పోదు మామా. కొంత దారిల వేడై పోతది. తీగె పెడితే జల్ది నిండుతది, సల్లగుంటది. గిట్లయితే తీగె పీకుడు, పెట్టుడు ఉండది గని ఆలిశెం, వేడి.”

ఫోనుకు జ్వరమొస్తే పక్కన పెట్టేస్తాం. మనిషి ఛాతీని పక్కన పెట్టలేం కదా. చర్మం కింద వేడి పుట్టకూడదంటే కరెంటు సన్నటి ధారగా పోయాలి. సన్నటి ధారతో ఒంట్లోని బ్యాటరీ నిండాలంటే పొద్దంతా కావాలి. అందుకని ఓదెలు బతుకు మంచానికి అంటుకుపోయింది. వెల్లకిలా పడుకోవాలి, ఛాతీ సరిగ్గా చుట్ట మీదికి రావాలి, పక్కకు ఒత్తిగిలితే నిల్వ ఎంతుందో చూపే, నడుముకు కట్టిన డబ్బా కీచుమంటుంది. పూటంతా పడుకుంటే గంటసేపు నడవొచ్చు. ఆ గంట స్నానానికీ కాలకృత్యాలకీ సరిపోయేది.

గొర్రెల దొడ్డి ముంగిలి చివరే ఉంది. మందను పక్కింటి పోశాలు తోలుకుపోయి తోలుకొస్తున్నాడు. ఓదెలు మంచం మీద పడుకుని వాటి దగ్గు వినేవాడు. ఏది దగ్గిందో అతనికి తెలుసు. ఎందుకు దగ్గిందో లేచి వెళ్ళి చూస్తే గానీ తెలియదు. రానురాను అతను మాట తగ్గించాడు. తర్వాత కూడు తగ్గించాడు. కనకవ్వ కంచం పెడితే గోడకేసి చూస్తూ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేవాడు.

ఒకరోజు కనకవ్వ నవనీతకు ఫోను చేసింది.

“బతికిచ్చిన్రు బిడ్డా, కాదంట లేను. గని మీ మామ మోటరు నడుస్తాంది, మనిషి నడుస్త లేడు.”



* * *

పళ్ళెం మీద పడుకోబెట్టడం కాదు, ముంగిలి మొత్తాన్ని పళ్ళెం చెయ్యాలి. నవనీతకు పట్టుకున్న పిచ్చి అది.

రెండు చుట్టలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలన్న నియమాన్ని ఆమె ఉయ్యాల చూసి దాటింది. ఉయ్యాలను ఊగే లయలోనే తోస్తే చిన్నపిల్ల చెయ్యి కూడా చాలు. అలాగే దూరంగా ఉన్న చుట్టకు దాని లయ తెలిసిన కరెంటు అందితే గాలిలోంచి కూడా తాగుతుంది. ప్రయోగశాల వెనక ఖాళీ స్థలంలో నేలలో వలయంగా తీగ పాతి, మధ్యలో తాడు కట్టి తన ఫోనును వేలాడదీసింది. ఫోను గాలిలో తిరుగుతూనే నిండింది. తర్వాత ఉప్పునీళ్ళ తిత్తిలో అలాంటి మోటారే పెట్టి, తిత్తిని తోపుడుబండి మీద ఎక్కించి అటూ ఇటూ తిప్పించింది. మోటారు ఆగలేదు. తిత్తి వేడెక్కలేదు.

ప్రయోగశాల పెద్ద ప్రొఫెసర్ విఠల్‌రావు కరెంటు మీటరు దగ్గర నిలబడి నెత్తి కొట్టుకున్నాడు.

“బావి తోడి ఊరంతా చల్లి, ఒక్క మొక్క తడిసిందని సంబరపడుతున్నావమ్మా!”

“నాకు కావాల్సింది ఆ ఒక్క మొక్కే సార్.”



* * *

ఓదెలు ముంగిట్లో తీగ పాతిన రోజు ఇంట్లో పెళ్ళి జరిగినంత హడావుడి. ఇంటి గోడ నుంచి గొర్రెల దొడ్డి దాకా, దొడ్డి చుట్టూ తిరిగి మళ్ళీ గోడ దాకా, జానెడు లోతు కాలువ తవ్వి తీగ పరిచారు. ఎక్కడిదాకా ఉందో తెలియడానికి నవనీత దాని వెంట ముగ్గు పోసింది. ఆ గీత లోపల ఓదెలు ఎక్కడ నిలబడ్డా, కూర్చున్నా, ఎటు తిరిగినా ఛాతీకి కరెంటు అందుతుంది. గీత దాటితే లోపలి నిల్వ గంటసేపు కాస్తుంది.

“కరెంటు దొడ్డి” అన్నాడు ఓదెలు, ముగ్గు చూసి. “ఇన్నేండ్లు గొర్లను తోలిన. ఇప్పుడు నన్ను తోలవట్టిరి.”

మీట నొక్కగానే ముందరి పోతుగొర్రె ఎగిరి గంతేసింది. గంట కట్టిన ఇనుప గొలుసు మెడ చుట్టూ ఉంది. పోశాలు పరుగెత్తి విప్పబోయి “అబ్బో!” అని చెయ్యి విదిలించుకున్నాడు. నవనీత చప్పున మీట ఆపింది.

“గుండ్రంగ మూసుకున్న లోహం ఏదున్నా అది గూడ ఒక చుట్టే” అంది. “కరెంటుకు మన చుట్ట ఏదో, గొర్రె మెడల గొలుసేదో తెల్వది. దాంట్లకు గూడ జొరవడి తిరుగుతది. బయటికి పోను తొవ్వ దొరకక ఆడనే వేడెక్కుతది.”

ఇక ఇంట్లోని ఇనుమంతా బయటికి నడిచింది. బకెట్లు, బిందెలు, దొడ్డికి కట్టిన ఇనుపవల, కొడవళ్ళు, ఉన్ని కత్తెరలు, గొళ్ళేలు. దొడ్డికి ఇనుపవల బదులు తుమ్మకంప వచ్చింది. బిందెల బదులు కుండలు వచ్చాయి. కనకవ్వ చెవుల కమ్మలు తీసి డబ్బాలో పెట్టింది. ఉంగరం తీసింది. పుస్తెలు ఎలాగూ పసుపుతాడుకే ఉన్నాయి. చేతులకు గాజు గాజులే. నవనీత అత్తను తలనుంచి కిందిదాకా రెండుసార్లు చూసి, “ఇగ ఏం లేవు” అంది.

అత్త కాళ్ళకు వెండి కడియాలు ఉన్నాయి.

అవి ఆమె కంటికి ఆనలేదు. పాకే వయసులో పట్టుకుని లేచి నిలబడింది ఆ కడియాలనే. జ్వరమొస్తే చెంప ఆనించుకున్నది ఆ కడియాలకే. అత్తకు ముక్కు ఎలాగో, అరచెయ్యి ఎలాగో, కడియాలూ అలాగే. మనిషి ఒంటి మీద వస్తువులు వెతికేవాళ్ళు ముక్కును లెక్కపెట్టరు కదా.

మీట మళ్ళీ నొక్కారు. డబ్బా కీచుమనలేదు. ఓదెలు మంచం దిగి, ముంగిలి దాటి, దొడ్డి కంప తీసి గొర్రెల మధ్యలో చతికిలబడ్డాడు. అవి అతని వాసన చూసి చుట్టూ మూగాయి. నల్లమూతి గొర్రె అతని భుజం మీద గదవ ఆనించి నెమరు మొదలుపెట్టింది. అతను దాని కింది పెదవి లాగి పళ్ళు చూసి, చెవి తిప్పి గోమారి పురుగు తీసి గోళ్ళ మధ్య నలిపి, అప్పుడు నవ్వాడు.

“పోశాలూ, దీనికి బెల్లం వెడ్తున్నవా? పండ్లు గిట్ల జేసినవు?”

“నేనెందుకు పెడ్త అన్నా? నా పోరగాండ్లకే లేదు.”

“అయితే అదే దుకాన్ల తెచ్చుకుంటాందా?”

కనకవ్వ గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నవనీతకు తెలియలేదు.

* * *

ఊరికి సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. తీగ లేకుండా నిండే ఫోన్లు ఉన్నవాళ్ళంతా ఓదెలు ముంగిట్లోకి వచ్చి కూర్చోసాగారు. అరుగు మీద ఫోన్లు, కంప మీద ఫోన్లు, చొక్కా జేబుల్లో ఫోన్లు. ఒకాయన నిద్ర కూడా తీసేవాడు. ముంగిలి కచేరీలా తయారైంది. ఓదెలుకు మనుషులు దొరికారు. మూడు రోజులు మురిసిపోయాడు. నాలుగో రోజు అతని డబ్బా కీచుమంది.

“ప్రతి ఫోనూ మామ వాటాలకెల్లే తాగుతాంది అత్తా!” అని నవనీత నగరం నుంచి ఫోనులో మొత్తుకుంది.

కనకవ్వ చీపురు పట్టుకుంది. “మా ఆయిన పానం మీ ఫోన్లల్ల నింపుకపోతున్నరా? లేవున్రి! మీ రీళ్ళు మీ ఇంట్ల సూసుకోన్రి!”

“జర పది పైసలంతనే తక్వున్నది వదినె, నిండనియ్” అన్నాడు పోశాలు.

“నీ పది పైసలల్ల మట్టివడ! లే!”

ముంగిలి ఖాళీ అయింది. ఓదెలు గొర్రెల మధ్య కూర్చుని ఈ తమాషా చూశాడు. అతని చూపు మాత్రం చీపురు మీద లేదు. చీపురు పట్టుకుని తరుముతున్న కనకవ్వ పాదాల మీద ఉంది.

గొర్రె తన కుంటు దాచుకుంటుంది. నొప్పి ఉన్న కాలు పైకెత్తితే తోడేలు కంట పడుతుందని దానికి పుట్టుకతోనే తెలుసు. కాపరి దాని నడక చూసి లాభం లేదు, మట్టిలో అడుగు చూడాలి. ఓదెలు ముంగిట్లో మట్టి చూశాడు. కనకవ్వ కుడి మడమ లోతుగా పడుతోంది. ఎడమ మడమ అచ్చు పడడమే లేదు, వేళ్ళు మాత్రమే. ముగ్గు గీత దగ్గరికొచ్చేసరికి అడుగులు బారెడు బారెడు ఉన్నాయి. ఆ చోటును ఆమె దూకి దాటుతోంది.

ఇంకా కొన్ని సంగతులు అతనికి వరసగా గుర్తొచ్చాయి. గొర్రెలకు నీళ్ళు పోసే తొట్టి గీత బయట ఉంది. కనకవ్వ ఈమధ్య మాటిమాటికీ వెళ్ళి ఆ తొట్టిలో కాళ్ళు పెట్టి నిలబడుతోంది. అడిగితే “ఎండకు మంటగున్నది” అనేది. అరుగు మీద కూర్చుంటే కాళ్ళు పైకి ముడుచుకుంటోంది. చీర కుచ్చెళ్ళు నేల జీరాడేలా కడుతోంది. చీర మట్టి కొట్టుకుపోతే ఊరుకునే మనిషి కాదు ఆమె.

అతను లేచాడు. తొట్టి దగ్గర నిలబడి ఉన్న భార్య వెనక్కి వెళ్ళి నిలుచున్నాడు.

“కాలు తియ్యి.”

“ఎందుకు?”

“తియ్యి అంటున్న.”

“నీ గొర్రెననుకున్నవా, గిట్టలు సూసుటానికి?”

“గొర్రెనైతే ఎప్పుడో సూస్తుంటి” అన్నాడు ఓదెలు. వంగి ఆమె పాదం నీళ్ళలోంచి ఎత్తాడు. కడియం కింద తడిగుడ్డ చుట్టి ఉంది. గుడ్డ విప్పాడు. కడియం రెండు కొనలూ కలిసే చోట చర్మం ఊడి, ఎర్రగా, రూపాయి బిళ్ళంత పుండు. రెండో కాలూ అంతే. కొంచెం చిన్నది.

పోతుగొర్రె వచ్చి తొట్టిలో నీళ్ళు తాగి పోయింది.

“ఎన్నొద్దుల సంది?”

“మీట ఏసిన కాడి సంది” అంది కనకవ్వ. “నడుమ ఉంటే గంత ఉండది. గీత కాడనే సుర్రుమంటది. అలువాటయింది తియ్.”

“అలువాటయిందా? కాలుడు అలువాటయితదా?”

“మరి ఏం జెప్పుమంటవు? జెప్తే పిల్ల మీట బంజేస్తది. నువ్వు మల్ల మంచమెక్కి గోడకు జెప్పుకుంటవు. ఆ గోడ ముకం సూసుడు కన్న నాకు గీ పుండే నయ్యం.”

“తీసి అవతల పారెయ్యకపోతివి.”

ఆ మాటకు కనకవ్వ కాలు లాక్కుంది. కళ్ళెర్రజేసింది. ఆ ఇంటి వరసలో మట్టెలు లేవు, కడియాలే. పెళ్ళిపీటల మీద అవుసులాయన, అంటే కంసాలి, కడియాలు తొడిగి, కొనలు రెండూ కలిపి కొడతాడు. ఇక అవి కాలినుంచి రావు. మొగుడు పోయిన పదో రోజు మళ్ళీ అవుసులాయనే వచ్చి కోస్తాడు.

“నాడి లేకపాయె” అంది ఆమె, నీళ్ళలోకి చూస్తూ. “రాత్రి ఎన్నిసార్ల చెవి ఆనిచ్చి వింటనో నీకేం తెలుసు. ఇవి కాళ్ళకు ఉన్నయి గనుక నువ్వు ఉన్నవని నా నమ్మకం. ఇవి తీసినంక నేను దేన్ని వట్టుకొని నిలవడాలె?”

ఓదెలు ఆమె పాదాన్ని నెమ్మదిగా నేల మీద ఉంచాడు. ఇంట్లోకి వెళ్ళి మీట ఆపేశాడు. మంచం మీద పడుకుని, ఛాతీని చుట్ట మీదికి సరిచేసుకుని, గోడవైపు కాకుండా గడపవైపు ముఖం పెట్టుకున్నాడు. కనకవ్వ ఎంత అరిచినా, బతిమాలినా, ఆ రోజు చాయ్ పొయ్యకుండా సాధించినా, అతను మీట మళ్ళీ వెయ్యనివ్వలేదు.

* * *

నవనీత వచ్చింది. అత్త కాళ్ళు చూసింది. నేల మీద కూర్చుని, ఆ పాదాలను ఒళ్ళో పెట్టుకుని మందు పూసింది. పూసినంతసేపూ ఆమె చెంపల మీది నీళ్ళు కారి మందులో కలుస్తూనే ఉన్నాయి.

“ఏడువకు పిల్లా. గొర్రె గొలుసు సూసిన కండ్లతోనే నేను గూడ సూసిన. నాకు గూడ యాదికి రాలె” అంది కనకవ్వ. “తర్వాత యాదికొచ్చింది గని, అప్పటికి మీ మామ నవ్వవట్టె.”

ప్రయోగశాలలో విఠల్‌రావు సంగతంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. “ఆపెయ్యి. అంతే. లేదా ఆ కడియాలు తీయించు. ఈ రెండే.”

“మూడోది ఉందేమో చూస్తాను సార్.”

ఆమె అంగట్లోంచి అలాంటి వెండి కడియాలు రెండు తెచ్చింది. ఒకటి అలాగే ఉంచింది. రెండోదానికి అతుకు దగ్గర రంపంతో గోరు పట్టేంత సందు కోసింది. ముంగిట్లో పాతినటువంటి తీగ దగ్గర రెండూ పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా చెంచాతో నెయ్యి ఉంచి మీట నొక్కింది. మూసుకున్న కడియం మీది నెయ్యి జారిపోయి బల్ల మీద మడుగు కట్టింది. సందున్న కడియం మీది నెయ్యి పొద్దుగూకేదాకా తెల్లగా, గట్టిగా కూర్చుంది. చుట్టు తెగితే కరెంటుకు తిరగను దారి లేదు.

విఠల్‌రావు వేలితో ఆ నెయ్యి తాకి చూసి, వేలు నాకాడు. “చల్లగానే ఉంది” అన్నాడు.

నవనీత ఆ కబురు మోసుకుని పరుగున ఊరికి వచ్చింది. తియ్యనక్కర్లేదు, గోరంత సందు చాలు. కనకవ్వ అంతా విని తల అడ్డంగా ఊపింది.

“గోరంత కోసినా, మూరెడు కోసినా కోసుడే. మొగడు పోయినంకనే కోస్తరు. ఆయన ఉండంగ నేను కోపిచ్చుకోను.”

“అత్తా, అది ఉత్త వెండి...”

“నీకు ఉత్త వెండి.”

అప్పుడు లోపలినుంచి ఓదెలు గొంతు వినపడింది.

“ఏమే, ఆకురాయి ఏడ వెట్టినవు?”

ఉన్ని కత్తెరలు పదును పెట్టుకునే ఆకురాయి. ఇనుమంతా బయట పెట్టినప్పుడు పోశాలు ఇంటికి పోయింది. పోశాలు తెచ్చి ఇచ్చాడు. ఓదెలు మంచం దిగి నిలబడ్డాడు.

“నేను రాపుత కడియం.”

“ఏందీ?” అంది కనకవ్వ.

“మొగడు పోయినంక అవుసులోడు కోస్తడు. మొగడుండి, మొగడే కూసోని రాపితే దాని పేరేంది? సచ్చినోడు పెండ్లం కాలు ఒళ్ళె వెట్టుకొని ఆకురాయి గుంజుతడా? ఊరంత వచ్చి సూడుమను.”

పోశాలు కిసుక్కుమన్నాడు.

“మామా, నీకు ఆయాసం. ఇటియ్, నేను రాపుత” అంది నవనీత.

“నువ్వు రాపితే కోసుడే అయితది బిడ్డా. ఇది నా పని.”

చిక్కు ఇంకొకటి ఉంది. కరెంటు ఉన్న చోట ఆకురాయీ కాలుతుంది, కడియమూ కాలుతుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని ఒకరి కాలు రాపలేడు. గీత బయట, లోపలి నిల్వ మీదే కూర్చుని రాపాలి. ఉన్నది గంట. ఒళ్ళు శ్రమపడితే మోటారు ఎక్కువ తాగుతుంది, అప్పుడు గంట కూడా కాదు. నవనీత ఈ మాట చెప్పింది. ఓదెలు విన్నాడు. తలూపి, వెళ్ళి తొట్టి పక్కన బండ మీద కూర్చుని తొడ మీద తట్టాడు.

“వెట్టు కాలు.”

కనకవ్వ అటూ ఇటూ చూసింది. అరుగుల మీదికి జనం వచ్చేశారు. పెళ్ళినాటి సిగ్గు ఆ వయసులో ఆమె ముఖం మీదికి ఎక్కడినుంచో వచ్చింది. పెద్ద పుండున్న ఎడమ కాలే తీసి అతని తొడ మీద పెట్టింది.

అతను పుండు మీద తడిగుడ్డ మడత వేసి, కడియాన్ని అతుకు పైకి వచ్చేలా తిప్పి, రాపడం మొదలుపెట్టాడు. వెండి మెత్తనే గానీ కడియం లావు. గర్రుమని ఒకే తీరు చప్పుడు. వెండి పొడి అతని పంచె మీద సన్నటి దుమ్ములా రాలుతోంది.

“సక్కగ గుంజు. గొర్రె బొచ్చు అనుకుంటున్నవా?”

“గొర్రె అయితే గిన్ని మాటలు మాట్లాడది.”

“అయితే గొర్రెనే చేసుకోకపోతివి!”

“అడిగిన. మీ అయ్య నిన్నిచ్చిండు.”

అరుగుల మీద నవ్వులు. ఓదెలు మాత్రం నవ్వలేదు. పెదవుల రంగు మారుతోంది. నుదుటి మీద చెమట గదవ దాకా జారింది. నవనీత అతని నడుము డబ్బా మీది గీతలు తగ్గడం చూస్తోంది. కనకవ్వ డబ్బా చూడలేదు, అతని పెదవులే చూసింది.

“చాలు తియ్, పో లోపటికి. మల్ల సూద్దం.”

“కాలు కదిలియ్యకు.”

“చాలంటున్న కదయ్యా! నీకు దండం వెడ్త!”

అతను వినలేదు. చివరి పొర తెగినప్పుడు చిన్న చప్పుడైంది. కడియం కొంచెం విచ్చుకుని సందు తేలింది. అందులోంచి అవతలి వెలుగు సన్నగా కనపడింది. అదే క్షణంలో డబ్బా కీచుమంది. నవనీత, పోశాలు చెరో రెక్కా పట్టుకుని అతన్ని ముగ్గు గీత లోపలికి దించారు. నవనీత ఉరికి మీట నొక్కింది. ఓదెలు దొడ్డి కంపకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి పెదవులకు రంగు వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే కనకవ్వ గీత బయటే, ఒంటికాలి మీద నిలబడినట్టు నిలబడి ఉంది.

“ఏమే, రా” అన్నాడు.

“ఎట్ల వత్తు? కుడికాలుది రాపలేదు గద.”

“అవును గద.”

“అందుకే చెప్పిన, సొక్కి పడేదాక ఎందుకు రాపినవని.”

ఆమె ఎడమ కాలు నెమ్మదిగా ఎత్తి, ముగ్గు మీద ఒక్క క్షణం ఆపి, లోపలి మట్టి మీద పెట్టింది. నిలబడింది. మడమ నిండుగా మట్టికి ఆనింది.

“ఎట్లుంది?” అన్నాడు ఓదెలు.

“సల్లగ.”

కనకవ్వ అక్కడే గీత మీద కూర్చుండిపోయింది. రాపిన కాలు లోపలికి చాపింది, రాపని కాలు బయటికి చాపింది. గొర్రెలు వచ్చి ఆమె వెంట్రుకలు వాసన చూస్తుంటే ఒకదాని మూతి తోసేసింది.

“మల్ల రాపుత, ఆకురాయియ్” అన్నాడు ఓదెలు.

“కూసో సప్పుడు చేయక. ముందుగాల నువ్వు నిండు” అంది కనకవ్వ. “ఆ కాలు యాడికి పోతది, బయటనే ఉంటది. నాకేం తొందర లేదు.”